ఏటి మీద మూడు పేర్లు

కాశీనగరం బ్లాకాఫీసులో నాది దుబాసీ పని.
ఒడియాలో పుట్టిన కాగితాన్ని తెలుగు చేసి కిందికి పంపుతాను,
తెలుగులో వచ్చిన జవాబుని ఒడియా చేసి పైకి పంపుతాను.
మధ్యలో వంశధార.
దానికి మాత్రం నాతో ఎప్పుడూ పని పడలేదు.

ఈ మంగళవారం ఉమ్మడి సమావేశం,
మడుగులన్నిటినీ మూసేసిన పచ్చచాప గురించి.
ఇవతలి ఫైల్లో అది బిలాతి దళ,
అవతలి ఫైల్లో గుర్రపు డెక్క,
చేపల శాఖ ఫైల్లో లాటిన్ పేరు,
అదీ ఒక అక్షరం తప్పుతో.
పేరుకో పద్దు.
ఏ పద్దులోనూ పడవకి డీజిలు లేదు.

నీళ్లమీద ఉంది గనక నీటిపారుదలది అన్నారు అడవివాళ్లు.
మొక్క గనక వ్యవసాయానిది అన్నారు నీటివాళ్లు.
వరిలోకి ఇంకా రాలేదుగా
అన్నారు వ్యవసాయంవాళ్లు, సమోసా తుంచుతూ.

శ్రీకాకుళం ఇంజనీరు పటం మీద వేలు పెట్టి
"మీ దగ్గర పుట్టింది సార్" అన్నాడు.
పాణిగ్రాహి బాబు అదే గీత మీద వేలు పెట్టి
"మీ దగ్గర ఆగింది" అన్నాడు.
రెండు మాటల్నీ తర్జుమా చేశాను.
రెండు వేళ్ల మధ్య
గోరంత నది.

కొండ మీది పులికంప గురించి చెప్పడానికి
పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చింది సుకాంతి గమాంగో.
ఆమె మాట అజెండాలో ఏడోది.
నాలుగోది నడుస్తుండగా
ఆఖరి బస్సు హారన్ వినిపించి లేచి వెళ్లిపోయింది.
కుర్చీలో ఆమె తెచ్చిన ముళ్లకొమ్మ మిగిలింది.

తీర్మానం నా చేతికొచ్చింది.
'బయటి నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన జాతులను
సమూలంగా తొలగించుటకు...'
జాతి దగ్గర కలం ఆగింది.
మా తాత పట్టాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.
రేషన్ కార్డులో మా ఇంటిపేరుకీ
ఒక అక్షరం తప్పే.
నా క్యారియర్లో టమాటా పప్పు, నంజుకోను పచ్చిమిరపకాయ,
ఆ రెండూ ఎప్పుడో ఓడ దిగినవే.
ఎవర్ని పీకమని రాస్తున్నాను?

అప్పుడు గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది.
జలారి కొర్లయ్య, పొద్దుటినుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు.
"ఎనిమిది నెల్లయింది బావూ వల తడిసి.
కిందంతా సీకటి.
సేప పైకొచ్చి నోరు తెరుస్తాది,
నీళ్లలో ఉండీ గాలికోసం.
పేరు ఏటైతే నాకేటి?
ఏ రోజు లాగుతారో అదొక్కటి సెప్పండి.
మీరిక్కడ లాగిన పొద్దే ఆళ్లక్కడ లాగాల.
నేదంటే మనం పీకడం, అది మొలవడం,
అదో వాయిదా."

'బయటి నుంచి వచ్చి' కొట్టేశాను.
'ఊపిరి ఆడనివ్వని' అని రాశాను.
పాణిగ్రాహి బాబు చదివి కళ్లజోడు తీశాడు.
"నువ్వు దుబాసీవి, మహాపాత్రుడివి కావు"
అని నవ్వి, పాత మాట మళ్లీ పెట్టించాడు.
కానీ ఖాళీగా ఉన్న చోట
తన చేత్తో ఒక తేదీ వేశాడు.
ఇంజనీరు అదే తేదీ కింద సంతకం చేశాడు.
రెండు ఒడ్లకీ ఒకే పొద్దు.
మూడేళ్లలో నేను చూసిన
తర్జుమా అక్కర్లేని మొదటి మాట.

అందరూ లేచారు.
అప్పుడు చూశాను బల్ల మధ్య గాజుగ్లాసు,
అందులో లేత ఊదా పూలు, ఒక్కో రేకు మీద పసుపు చుక్క,
అడుగున నల్లటి వేళ్ల కుచ్చు.
బాగున్నాయని తెల్లారే ఏటికెళ్లి తెచ్చాడట
అటెండరు బినోదు.
మూడు గంటలూ ఆ పూల మీదుగానే
ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

వాడు గ్లాసు కడగడానికి తీసుకెళ్లాడు.
కిటికీ కింద కాలవ,
కాలవ పోయేది ఏటిలోకే.

"ఒరే బినోదూ!"
ఏ భాషలో అరిచానో గుర్తులేదు,
ఫైలు చంకలో పెట్టుకునే పరిగెత్తాను.